మండితేనే మంచిదన్నాను

పోయిన నెలలో ఒకరోజు పొద్దున స్నానాల గది కడుగుదామని చెత్తబుట్ట పక్కకు జరపబోతే అందులో చిన్న గాజు సీసా ఒకటి కనపడింది. ఎత్తి వెలుతురులో పెట్టి చూస్తే ముప్పాతిక వంతు అలాగే ఉంది. మా ఇంట్లో వస్తువు సగంలో పారేసే మనిషి ఒక్కతే, నా కూతురి కూతురు. కంకిపాడు నుంచి రోజూ బస్సులో వచ్చిపోతూ నలిగిపోతోందని ఏడాదిగా నా దగ్గరే ఉండి ఇక్కడ బెజవాడలో ఉద్యోగానికి వెళ్తోంది. నేనా, పళ్ళ పేస్టు ట్యూబు అయిపోతే కత్తెరతో నిలువునా కోసి లోపల అంటుకున్నది ఇంకో నాలుగు రోజులు వాడే మనిషిని, అరిగిపోయిన సబ్బు ముక్కను కొత్త సబ్బు వీపుకి అతికించే మనిషిని. అటువంటిదాన్ని అంత సరుకు చెత్తలో చూసి ఊరుకుంటానా. కడిగి తుడిచి నా గూట్లో పెట్టుకున్నాను, మొహానికి కాకపోయినా పగిలిన మడమలకైనా పనికొస్తుందని.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి అది చూసిన మనవరాలు సీసా తీసేసుకుంది. "అది నాకు పడలేదు అమ్మమ్మా. మంట పుట్టింది. నువ్వు రాసుకోకు," అంది. మంట పుట్టిందని పారేస్తారుటే, రెండు రోజులు ఓర్చుకుంటే అదే అలవాటవుతుంది, మండితేనే మంచిది అని కసిరాను. కసిరానే గాని ఆ మాట నా నోట్లోనే చేదుగా నిలబడిపోయింది. ఎందుకంటే అచ్చం అదే మాట, అంతే విసురుగా, ముప్పై ఏళ్ళ పైచిలుకు కిందట ఒకసారి అన్నాను. అప్పుడు ఎదురుగా ఉన్నది ఈ పిల్ల కాదు, దీని తల్లి.

ముందు ఈ పిల్ల పద్ధతి చెప్పాలి. నా వయసు వాళ్ళు చదివితే నవ్వుకుంటారు, మొదట్లో నేనూ నవ్వాను. దాని అలమారాలో దేవుడి గూట్లో విగ్రహాల్లాగా సీసాలు వరసగా ఉంటాయి. పొద్దుటికి ఒక వరస, పడుకునే ముందుకి ఒక వరస. మొదట మొహం కడుక్కునేది, తర్వాత చుక్కల మందులాంటిది, ఆ తర్వాత తేమకి రాసుకునేది, గడప దాటే ముందు ఎండ తగలకుండా పూసుకునేది. ఆ ఆఖరుదాన్ని రెండు వేళ్ళ పొడుగునా పిండుకుంటుంది, నాకైతే దోసె మీద వెన్న కూడా అంత వేయబుద్ధి కాదు. మనిషి మనిషికీ చర్మం వేరట. దీనికి ముక్కు దగ్గర జిడ్డు, బుగ్గల మీద పొడి. స్నేహితురాలికి పడింది తనకీ పడాలని లేదట. అందుకని కొత్తది ఏది కొన్నా ముందు చెవి వెనక కాస్త రాసుకుని మూడు రోజులు ఆగుతుంది. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెట్టదు, తేడా చేస్తే దేనివల్ల చేసిందో తెలియదని. దురద గానీ మంట గానీ వచ్చిందా, అంతటితో సరి, ఖరీదు పెట్టి కొన్నాం కదా అని చూడదు. ఇంత చాదస్తం మా అత్తగారికి కూడా లేదే అన్నాను ఒకసారి. అన్నాక మా అత్తగారి చాదస్తం సంగతి గుర్తొచ్చి మాట మార్చేశాను. అది కూడా చెప్తాను, వరసలో.

మన రోజుల్లో ఒంటికి పడటం, పడకపోవటం అనేది తిండికే ఉండేది, అదీ మగవాళ్ళకే. మా నాన్నకి వంకాయ పడదంటే ఇంట్లో వంకాయ తరిగేవాళ్ళు కాదు. ఆడపిల్ల ఒంటికి పడనిది కూడా ఒకటి ఉంటుందని నేను పెళ్ళయి పిల్లలు పుట్టేదాకా వినలేదు. నేను పుట్టింది మంగళగిరిలో, మగ్గాల ఇంట్లో. నాలుగో తరగతి దాకా చదివాను. ఐదులోకి వెళ్ళాల్సిన ఏడు ఇంట్లో కండెలు చుట్టే చెయ్యి తక్కువైందని మానిపించారు. తెల్లవారుతూనే వీధి పొడుగునా పడుగు చాపి నూలుకి గంజి పట్టించేవాళ్ళం. ఆ గంజిలో నానీ నానీ నా వేళ్ళ సందులు చీరుకుపోయేవి, ఉప్పు తగిలితే ప్రాణం పోయేది. మండుతోందమ్మా అంటే మా అమ్మ తన రెండు చేతులూ చాపి చూపించేది. అవి నా చేతులకంటే హీనంగా ఉండేవి. దానితో మాట ముగిసేది. మంట అనేది చెప్పుకునే విషయం కాదని నేను నేర్చుకున్నది అక్కడే. బడి చదువు నాలుగేళ్ళకే ఆగింది గాని ఈ పాఠం మాత్రం పూర్తిగా వచ్చింది, మళ్ళీ ఇంకొకరికి చెప్పేటంతగా.

మొహానికి పసుపు, ఇంటిల్లిపాదికీ ఒక సబ్బు, దాన్ని దారంతో రెండు ముక్కలుగా కోసుకుని ఒకటి దాచుకోవటం, ఇదీ మనకు తెలిసిన పద్ధతి. అది కాక ఏడాదికోసారి వేసవిలో సున్నిపిండి. పెళ్ళయి బెజవాడ వచ్చాక మా అత్తగారి చేతికింద నేర్చుకున్నాను. పెసలు, కాసిని బియ్యం, ఎండబెట్టిన బత్తాయి తొక్కలు, కచ్చూరాలు, వట్టివేళ్ళు, కస్తూరి పసుపు, ఆఖరున బావంచాలు. బావంచాలంటే తెలియని పిల్లల కోసం చెప్తున్నాను, నల్లటి చిన్న గింజలు, ఘాటు వాసన, మూలికల కొట్లో పొట్లం కట్టి ఇస్తారు. అన్నీ మేడ మీద ఎండబోసి, కారం పట్టని రోజు చూసుకుని మరకి తీసుకెళ్ళి, వచ్చాక జల్లించి డబ్బాలో పోసేవాళ్ళం. జల్లెట్లో మిగిలిన మొరుం కూడా పారేయకుండా కాళ్ళు రుద్దుకోవటానికి దాచేదాన్ని.

మా అత్తగారికి రెండు పట్టింపులుండేవి. మానెడు పెసలకి బావంచాలు చిటికెడే వేయాలి, అంతకు మించితే చెయ్యి పట్టుకునేది. నలుగు పెట్టుకుని తలంటి పోసుకున్న రోజున ఆడపిల్ల పొద్దువాలేదాకా గడప దాటి ఎండలోకి వెళ్ళకూడదు. ఎందుకని అడిగితే చెప్పేది కాదు. ఆవిడకీ తెలిసి ఉండదు, వాళ్ళ అత్తగారు అని ఉంటుంది, ఈవిడ పాటించి ఉంటుంది. నాకది ఉత్త చాదస్తంగా తోచేది. పనున్న ఇంట్లో ఒక ఆడపిల్లని ఒక పూటంతా నీడపట్టున కూర్చోబెడితే ఎలా సాగుతుంది. ఆవిడ పోయాక సున్నిపిండి చేయటం మానలేదు గాని, ఆ రెండు పట్టింపులూ మాత్రం వదిలేశాను. ఇప్పుడు అనుకుంటే, పనికొచ్చేది పారేసి పనికిరానిది దాచిపెట్టుకున్న ఘనత నా బతుకులో ఆ ఒక్కసారే.

మా ఆయన గవర్నర్‌పేటలో ఒక బట్టల టోకు కొట్లో గుమాస్తా. మధ్యాహ్నం అన్నం క్యారియరు మా అమ్మాయి తీసుకెళ్ళేది. రిక్షా ఎందుకు దండగ, పిల్ల నడిచి వెళ్ళి ఇచ్చి వస్తుంది కదా అని నేనే పెట్టిన ఏర్పాటు. అలా వెళ్ళీ వెళ్ళీ అది కొట్లో పని అంతా పట్టేసింది. బట్ట అంచు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నులిమి అది ఎన్నో నంబరు నూలో చెప్పేది. ఎవరైనా వేరే ఊరి సరుకుని మంగళగిరి చీరని అంటగడితే, నాన్నా అంచు చూడు, ఇది మన మగ్గం పని కాదు అని పక్కనుంచి మెల్లగా అనేది. అది నా పుట్టింటి నుంచి వచ్చిన విద్య. నాకు తెలిసిందల్లా అదే, దానికి అదొక్కటి మాత్రం మంచిది ఇచ్చాననుకుంటాను. ఇంటరు పూర్తయ్యేసరికి, ఇళ్ళ దగ్గర అమ్ముకోవటానికి కొనవచ్చిన ఆడవాళ్ళు మా ఆయన్ని వదిలేసి దాన్నే అడగటం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లోనే యజమాని కొట్టు ముందు భాగం పెంచి, అద్దాలు పెట్టించి, ఆడవాళ్ళకి చీరలు విడిగా అమ్మే విభాగం తెరిచాడు. అక్కడ నిలబడి చీర భుజాన వేసుకుని చూపించటానికి ఆడపిల్లలు కావాలన్నారు. ఏరటానికి యజమాని భార్య స్వయంగా వచ్చింది. నేనూ వెళ్ళాను పిల్లతో. ఆవిడ మా అమ్మాయిని పది చీరల గురించి అడిగింది, పదింటికీ చెప్పింది. అప్పుడావిడ దాని గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పి, పురుగు ఉందేమోనని వంకాయని చూసినట్టు చూసి, నాతో అంది.

"పిల్ల చురుకైందండీ. కాస్త రంగు తేరితే ముందు కౌంటరు దగ్గరే నిలబెడతాను. శ్రావణమాసంలో మొదలుపెడదాం, ఈలోగా ఏమైనా వాడండి."

చీర అమ్మటానికి చీరకు ఉండాలి రంగు, అమ్మే పిల్లకి ఎందుకో ఇప్పటికీ నాకు అర్థం కాదు. కానీ ఆ రోజు ఆ మాట అడగాలని కూడా నాకు తోచలేదు. అలాగేనండీ, చేస్తామండీ అని చేతులు నలుపుకుంటూ వచ్చేశాను. మా అమ్మాయిది తండ్రి పోలిక, చామనఛాయ. కళగల మొహం. దారి పొడుగునా అది ఏ చీరకి ఏ రవిక బాగుంటుందో చెప్తూనే ఉంది. ఆ ఉద్యోగం అంటే దానికి అంత ఇష్టం. జీతం కోసం కాదు, బట్టల మధ్య నిలబడి తనకు తెలిసింది పదిమందికి చెప్పటం కోసం. ఇంటికి వచ్చి సంగతి చెప్తే మా ఆయన పిల్ల రంగుకేం, బాగానే ఉందిగా అన్నాడు. మీకేం తెలుసు, ఊరుకోండి అన్నాను. ఆయన ఊరుకున్నాడు. ఆయన నా మాట వినకుండా ఉండాల్సిన రోజు అదొక్కటి, ఆ రోజు కూడా విన్నాడు.

అది రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలు. నేను డబ్బాలో సున్నిపిండి తీసి, అది చాలదనిపించి, మూలికల కొట్టుకు వెళ్ళి బావంచాలు విడిగా కొనుక్కొచ్చాను. చిటికెడు మంచి చేస్తే పిడికెడు ఇంకా మంచి చేస్తుందన్నదే నా లెక్క. నానబెట్టి పచ్చిపాలతో మెత్తగా నూరి, సున్నిపిండిలో కలిపి, రోజూ వంటయ్యాక పిల్లను పీట మీద కూర్చోబెట్టి నుదుటి నుంచి గడ్డం దాకా మందంగా పట్టించేదాన్ని. ఆరాక కడుక్కుని, క్యారియరు పట్టుకుని, నడినెత్తిన ఎండలో అది గవర్నర్‌పేట నడిచి వెళ్ళేది. మూడో రోజు బుగ్గలు ఎర్రబడితే నాకు సంతోషమైంది, రంగు తేరుతోందని. ఇరుగమ్మకి చూపించాను కూడా.

ఐదో రోజున పంపు నీళ్ళు త్వరగా కట్టేశారు. బిందెలో ఉన్నవి వంటకి కావాలి. పిల్ల పీట మీద కూర్చుని కాసేపు కదిలింది, మెదిలింది, తర్వాత అంది.

"అమ్మా, మండుతోందమ్మా. కడిగేసుకుంటాను."

"మండనీ. మండితేనే మంచిది."

అది మళ్ళీ అడగలేదు. నా కూతురే కదా, ఒకసారి కాదంటే రెండోసారి అడిగే అలవాటు లేదు. నీళ్ళు దండగని తడిగుడ్డ పెట్టి పైపైన తుడిచి, ఆలస్యమైపోతోంది నాన్న ఆకలికి ఆగలేరు అని క్యారియరు చేతికిచ్చి పంపాను. గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. నీడ వైపు చూసిందో నా వైపు చూసిందో నేను గమనించలేదు. అప్పటికే వంటింట్లోకి తిరిగేశాను.

సాయంత్రానికి మొహమంతా కమిలిపోయింది. రెండో రోజుకి బొబ్బలు లేచాయి, నుదుటి మీద, రెండు చెంపల మీద, గడ్డం కింద దాకా, నేను ఎక్కడెక్కడ పట్టించానో గీత గీసినట్టు అక్కడక్కడే. తమ చేతి పని ఎలా వచ్చిందో అంత స్పష్టంగా చూసుకునే యోగం ఎవరికీ వద్దు.

అక్కడితోనైనా ఆగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఉంటే ఏమో. కానీ నాకు డాక్టరు కంటే ముందు కొట్టు గుర్తొచ్చింది. యజమాని భార్యకి తెలిస్తే పిల్లకి ఆ చోటు పోతుంది. ఇరుగుపొరుగుకి తెలిస్తే నా చేతకానితనం ఊరంతా అవుతుంది. అందుకని ఒక అబద్ధం చెప్పాను. అమ్మవారు పోసిందన్నాను. గుమ్మానికి వేపమండలు కట్టాను. అమ్మవారు పోసిన ఇంటికి ఎవరూ రారు కదా, ఎవరూ చూడరు. మా ఆయన చేత కొట్లో కూడా అదే చెప్పించాను. చెప్పటమైతే చెప్పాను గాని, ఆ అబద్ధం మమ్మల్నే కట్టిపడేసింది. అమ్మవారు పోసిన పిల్లని మా వాళ్ళలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళరు, వీధిలోకి తీసుకురారు. నేను చెప్పిన మాట నిజమని అందరూ నమ్మాలంటే పిల్ల గదిలోనే ఉండాలి. పొరుగావిడ మజ్జిగా, వేపాకు నూరిన ముద్దా తెచ్చి గుమ్మం అవతల పెట్టి, అమ్మవారికి దణ్ణం పెట్టుకుని వెళ్ళేది. పాపభీతి ఉన్నదాన్నే, ఆ దణ్ణం చూసి కూడా నోరు విప్పలేదు. లోపల నా కూతురు వేపమండల గాలిలో పడుకుని, రాని అమ్మవారి కోసం పథ్యం చేసింది. నిజమేమిటో మేం ముగ్గురం ఎరుగుదుం, ముగ్గురం ఒకళ్ళతో ఒకళ్ళం కూడా అనుకోలేదు.

బొబ్బలు ఆరి నల్లగా పెచ్చు కట్టాయి. పెచ్చులూడితే కింద మసిబారినట్టు మచ్చలు. అప్పటికైనా బుద్ధి రాలేదు నాకు. మచ్చలు పోతాయని నిమ్మరసం రాశాను. చురుక్కుమంటే మూతి బిగించుకుని కూర్చుంది గాని ఆ పిల్ల ఈసారి మండుతోందని కూడా చెప్పలేదు. ఆషాఢం సగమయ్యాక మా ఆయన ఇక ఊరుకోలేక, మొదటిసారి నన్ను అడక్కుండా దాన్ని చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. వెనకాల నేనూ వెళ్ళాను. ఏం రాశారమ్మా అని డాక్టరు అడిగాడు. నేను వరసగా చెప్పుకుపోతుంటే బావంచాలు అన్న దగ్గర రాస్తున్న కలం ఆపాడు. ఆ గింజ తెల్లమచ్చలున్న వాళ్ళకి నల్లబడటానికి వాడేదట. రాసి ఎండలో తిప్పితే నిప్పుసెగకి చూపించినట్టేనట. నిమ్మరసం కూడా ఎండతో కలిస్తే అంతేనట. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. మా అత్తగారి రెండు పట్టింపులకూ అర్థం ఆ కుర్చీలో కూర్చుని తెలుసుకున్నాను. ఆవిడకి కారణం తెలియదు, పద్ధతి తెలుసు. ఆవిడ కారణం చెప్పలేదని నేను పద్ధతిని పారేశాను.

శ్రావణమాసం వచ్చింది. ముందు కౌంటరు దగ్గర తెల్లటి పిల్ల ఒకతె నిలబడింది. మా ఆయన చెప్పేవాడు, ఆ పిల్లకి అంచు పేరు ఏదైనా అడిగితే లోపలికి పరుగెత్తుకొచ్చి తనని అడుగుతుందని. యజమాని భార్య మా అమ్మాయిని చూసి అయ్యో అని, జాలిపడే మనిషే పాపం, వెనక గోడౌనులో మడతలు వేసే పని ఇస్తానంది. మా అమ్మాయి, వద్దులెండి అమ్మగారూ, ఇంటి దగ్గరే ఏదో చేసుకుంటాను అంది. చీరలకి ఫాల్స్ కుట్టటం నేర్చుకుంది. ఆ కొట్టు వాళ్ళే మూటలకి మూటలు పంపేవాళ్ళు. తను పదిమందికి విప్పి చూపించాల్సిన చీరలకి కింద అంచు పట్టుకుని ఒంటరిగా గదిలో కూర్చుని కుట్టేది. ఇప్పటికీ కుడుతూనే ఉంది.

రెండేళ్ళకి కంకిపాడు సంబంధం కుదిరింది. మా అల్లుడు మంచివాడు, ఆ మచ్చల గురించి ఆనాడూ అడగలేదు, ఈనాడూ అడగలేదు. పెళ్ళికూతురిని చేసిన రోజున ముత్తైదువులు ఒక్కొక్కరే వచ్చి దాని మొహానికి నలుగు అద్దారు. అందరి ముందూ అది తల వంచుకుని మొహం ఇచ్చింది. నా వంతు వచ్చింది. నేను గిన్నెలోంచి పిండి తీసుకున్నాను. అది నా చెయ్యి పట్టుకుని, మెత్తగానే పట్టుకుని, తన అరచేతుల మీదికి దించుకుంది. చేతులకు రాయమ్మా అంది, అంతే. పక్కన ఉన్న వాళ్ళెవరికీ తెలియలేదు, పాట పాడుతున్న వాళ్ళు పాడుతూనే ఉన్నారు. నేను చేతులకే రాశాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నా కూతురి మొహం మీద నా చెయ్యి పడలేదు. పండక్కి తలకి నూనె పెడతానన్నా, పెట్టుకొచ్చానమ్మా అంటుంది. కొట్లాట లేదు, అలక లేదు, వారం వారం వస్తుంది, నాకు ఒంట్లో బాగాలేకపోతే రాత్రీ పగలూ కూర్చుంటుంది. చూసేవాళ్ళు ఇటువంటి కూతురు ఉండాలంటారు.

మచ్చలు ఏళ్ళ మీద కొంత తేలికపడ్డాయి, పూర్తిగా పోలేదు. వాటి గురించి మనవరాలికి ఏం తెలుసో నాకు పోయిన నెలలోనే తెలిసింది. ఆ సీసా గొడవ జరిగిన సాయంత్రం అది తన పూత మొహానికి అద్దుకుంటూ అంది, అమ్మ చిన్నప్పుడు ఎండలో తెగ తిరిగిందట, అప్పుడు ఇలాంటివి లేవుగా పాపం, అందుకే మొహం అలా అయిందట, తనే చెప్పింది అని. నేను చేటలో ఉన్న బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. ఎండకి అయిందట. నా కూతురు అబద్ధం చెప్పలేదు, ఎండకే అయింది. నా పేరు ఒక్కటి అందులోంచి రాయి ఏరినట్టు ఏరేసింది. ఇన్నేళ్ళూ దాని మనసులో నన్ను తిట్టుకుంటూ ఉంటుందని అనుకునేదాన్ని, ఆ తిట్లకి లోపల్లోపల సమాధానాలు కూడా దాచుకున్నాను, నేను ఎవరి కోసం చేశాను, నీ కోసం కాదా అని. అది నన్ను తన పిల్ల ముందు కాపాడుతూ వచ్చిందని తెలిశాక ఆ సమాధానాలతో నేనేం చేసుకోను.

ఆ వారంలోనే నా మోకాళ్ళ కింద చర్మం పొడిబారి దురద పెడుతుంటే, మనవరాలు చూసి ఒక ట్యూబు తెచ్చింది. కాలికి రాయబోతే ఆపి, ముందు నా చెవి వెనక కాస్త రాసింది. మూడు రోజులు ఆగాలి అమ్మమ్మా, ఏ మాత్రం మండినా నాకు ఫోన్ చెయ్యి, ఆఫీసులో ఉన్నా సరే, ఓర్చుకుంటూ కూర్చోకు అంది. డెబ్భై దాటాక మొదటిసారి విన్నాను ఆ మాట. మూడు రోజులూ గంటకోసారి చెవి వెనక తడుముకున్నాను. ఏమీ కాలేదు, నాకు పడింది. మూడు రోజులు. పిల్లకి శ్రావణం దాకా గడువుంది ఆనాడు, మూడు రోజులు ఆగటానికి నాకు తీరిక లేకపోయింది.

ఆదివారం మా అమ్మాయి వచ్చింది, ఎప్పటిలాగే సంచిలో రెండు చీరలూ ఫాల్సూ వేసుకుని. మనవరాలు బయటికి వెళ్ళింది. మా అమ్మాయి కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని కుట్టుకుంటోంది, నేను పక్కన పీట మీద కూర్చున్నాను. వెలుతురు సరిగ్గా దాని చెంప మీద పడుతోంది. కాసేపు ధరల గురించి మాట్లాడాను, పొరుగింటి వాళ్ళ గురించి మాట్లాడాను. మాటలు అయిపోయాక అడిగాను.

"అమ్మాయీ, ఆ రోజు బాగా మండిందా?"

ఏ రోజు అని అది అడగలేదు. సూది ఆగలేదు. అంచు చివరిదాకా వచ్చి, ముడి వేసి, దారం పళ్ళతో కొరికింది.

"మండిందమ్మా," అంది. కుట్టిన అంచుని చేత్తో సాపు చేస్తూ, "నువ్వు అడుగుతావేమోనని చాలా ఏళ్ళు చూశాను," అంది.

అంతే. చీర మడతపెట్టి రెండోది తీసుకుంది. ఏడవలేదు, నేనూ ఏడవలేదు, మాకు ఆ అలవాటు లేదు. క్షమించమని అడగటం నాకు రాదు, అడిగినా ఇవ్వటానికి దాని దగ్గర ఏం మిగిలి ఉంటుందో తెలియదు. టీ పెట్టి ఇచ్చాను, తాగింది, చీకటి పడకముందే బస్సెక్కింది. ఈ కాగితాలు నిండాక ముందు మనవరాలికే ఇస్తాను చదవమని. వాళ్ళమ్మ ఏరేసిన పేరు దాని చోట అది ఉండాలి.

కాలం మారిందని మనం అంటూ ఉంటాం, ఎక్కువగా తిట్టటానికే అంటాం. పిల్లలకి ఓర్పు లేదని, పొదుపు లేదని నేనూ అన్నాను, రేపు మళ్ళీ అంటాను కూడా. ముప్పాతిక సీసా చెత్తలో కనపడితే నా చెయ్యి ఇప్పటికీ దానివైపే పోతుంది. కానీ మొన్న ఆ సీసా అట్టపెట్టె మీద చీమల్లాంటి అక్షరాలు ఏమిటని అడిగితే మనవరాలు చదివి తెలుగులో చెప్పింది, మంట అనిపిస్తే వెంటనే కడిగేసుకోండి అని ఉందట. ఇప్పుడు ఆ మాట అచ్చువేసి అమ్ముతున్నారు. మా సున్నిపిండి డబ్బా మీద ఏమీ రాసి ఉండేది కాదు. ఆ మాట చెప్పాల్సిన మనిషి పీట ఎదురుగానే ఉండేది, గిన్నె చేత్తో పట్టుకుని.